నాన్నగారి కంట్లో ఏ లెన్సు? ముందు టేపు తీసుకుని కొలవండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 66 ఏళ్ళు, ఊరు మచిలీపట్నం, వృత్తి చిలకలపూడి నగల పని. ఇప్పటికీ రోజూ నాలుగైదు గంటలు బల్ల ముందు కూర్చుని రాళ్ళు పొదుగుతారు. చిన్నప్పటి నుంచి మైనస్ సైటు, కొన్నేళ్ళ క్రితం దాకా మూడున్నర. షుగరు వచ్చి 12 ఏళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లం ఉంది, కుడికన్ను ముందు చేద్దామన్నారు. కౌన్సెలరు కాగితం మీద మూడు ధరలు రాసిచ్చింది: మన దేశంలో చేసిన ఫోల్డబుల్ 22 వేలు, ఇంపోర్టెడ్ 38 వేలు, ట్రైఫోకల్ 85 వేలు, ఒక్కో కంటికి. "డబ్బు సంగతి చూడొద్దు, అన్నిటికన్నా మంచిదే వేయిద్దాం" అని మీ అన్నయ్య పట్టు. ఏది తీసుకోవాలి?

నేను డాక్టర్ని కాను, ఆప్టోమెట్రిస్టుని. కంటి ఆసుపత్రిలో కొలతల గదిలో 26 ఏళ్ళు కూర్చున్నాను. ఆపరేషన్‌కి ముందు లెన్సు పవరు ఎంత ఉండాలో లెక్క తీసేది ఆ గదిలోనే. కాబట్టి నా జవాబు అటువైపు నుంచి ఉంటుంది. చివరి మాట మీ డాక్టరుగారిదే.

సూటిగా చెబుతాను. మీ నాన్నగారికి ఆ 85 వేల లెన్సు ఉచితంగా ఇచ్చినా నేనైతే వేయించను. ఇక 22 వేలదా, 38 వేలదా అన్నది రెండో ప్రశ్న. ఆ కాగితం మీద అసలు ప్రశ్నే లేదు: నాన్నగారి కన్ను ఏ దూరానికి కుదర్చాలి?

ఇది చాలామందికి తెలియదు, ఎవరూ చెప్పరు కూడా. మామూలు లెన్సు, అంటే మోనోఫోకల్, ఒక్క దూరానికే స్పష్టంగా చూపిస్తుంది. ఆ దూరం ఏమిటన్నది లెన్సు కంపెనీ నిర్ణయించదు, ఆపరేషన్‌కి ముందు మనమే నిర్ణయించుకుంటాం. అదే కంపెనీ, అదే మోడల్, అదే ధర. ఒక పవరు వేస్తే వీధి చివర బోర్డు కనిపిస్తుంది, ఇంకో పవరు వేస్తే చేతిలో సూది కనిపిస్తుంది. ఎవరూ ఏమీ అడక్కపోతే ఆసుపత్రిలో అలవాటుగా దూరానికే పెడతారు. "ఆపరేషన్ తర్వాత దూరానికి అద్దాలక్కర్లేదు, చదవడానికి పెట్టుకోవాలి" అని మీరు అందరి నోటా వినేది అందుకే. ఎక్కువమందికి అది మంచి నిర్ణయమే. జీవితమంతా దూరం బాగా కనిపించి, నలభై దాటాక చత్వారం అద్దాలు పెట్టుకున్న మనిషికి పాత అలవాటే తిరిగొస్తుంది.

మీ నాన్నగారి సంగతి దానికి సరిగ్గా తిరగేసి ఉంది. మైనస్ మూడున్నర సైటున్న కన్ను, అద్దాలు తీసేస్తే, దాదాపు 28 సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా చూస్తుంది. 45 ఏళ్ళుగా ఆయన పని చేసింది ఆ 28 సెంటీమీటర్లలోనే. బల్ల దగ్గర కూర్చోగానే అద్దాలు తీసి పక్కన పెట్టడం మీరు చిన్నప్పటి నుంచి చూసే ఉంటారు. ఇప్పుడు రెండు కళ్ళూ దూరానికి పెట్టేస్తే ఆయనకి బస్సు బోర్డు అద్దాల్లేకుండా కనిపిస్తుంది, చేతిలో రాయి మాత్రం అలుక్కుపోతుంది. రాయి కనిపించాలంటే ప్లస్ మూడున్నర అద్దాలు పెట్టుకోవాలి. ఆ అద్దాలతో తలెత్తి మనిషిని చూస్తే మనిషి మసక. ఆయన బతుకంతా అద్దాలు తీసి పని చేశారు, ఇకనుంచి అద్దాలు పెట్టి పని చేయాలి. కొందరు సర్దుకుంటారు. కొందరు సర్దుకోరు.

సర్దుకోని ఒకావిడ నాకు ఇంకా గుర్తుంది. నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడో ఐదో ఏడో. డెబ్బై దాటిన మనిషి, మైనస్ నాలుగు సైటు, రోజూ తెల్లవారుజామున అద్దాలు తీసేసి పారాయణం చేసుకునేది. కొలతలు తీసింది నేనే. లెక్క తప్పలేదు. దూరానికి పెట్టాం, సున్నాకి సున్నా వచ్చింది, చార్టులో చివరి వరస దాకా చదివేసింది. నెల తర్వాత కొడుకుతో వచ్చి, సంచిలోంచి పుస్తకం తీసి నా బల్ల మీద పెట్టి, "దీన్ని కనపడకుండా చేశావు నాయనా" అంది. కోపంగా కూడా అనలేదు. చదివే అద్దాలు రాసిచ్చాం, పెట్టుకుంది, కానీ ఆ అద్దాలు తనవి అనిపించలేదని చివరిదాకా అంటూనే ఉంది. ఆపరేషన్‌కి ముందు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఆ రోజు నుంచి నా ఫారంలో పైన పెన్నుతో ఒక గడి గీసుకుని "అద్దాలు తీసి ఏం చేస్తారు?" అని రాసుకోవడం మొదలుపెట్టాను.

అందుకే శీర్షికలో టేపు అన్నాను. నాన్నగారు పనిలో ఉండగా, ఆయన గమనించకుండా ఉన్నప్పుడు, కంటి దగ్గర నుంచి చేతిలో రాయి వరకు ఎన్ని సెంటీమీటర్లుందో కొలవండి. 100ని ఆ సంఖ్యతో భాగించండి. కొలత 33 సెంటీమీటర్లయితే మైనస్ 3, 40 అయితే మైనస్ 2.5, 50 అయితే మైనస్ 2. ఆ పవరు కంట్లో మిగిల్చితే ఆ దూరం అద్దాల్లేకుండా కనిపిస్తుంది. దీన్నే డాక్టర్లు టార్గెట్ అంటారు. డాక్టరుగారి దగ్గర "ఏ లెన్సు మంచిదండీ" అనకుండా "నాన్నగారికి టార్గెట్ ఎంత పెడుతున్నారండీ, ఆయన అద్దాలు తీసి ఇంత దూరంలో పని చేస్తారు" అనండి. సంభాషణే మారిపోతుంది.

ఒక చిక్కుంది, జాగ్రత్త. ఇప్పుడు నాన్నగారి అద్దాల పవరు మైనస్ 6 అని రాశారు, ఈమధ్య రాయిని మరీ ముక్కు దగ్గరికి తెచ్చుకుంటున్నారని కూడా రాశారు. ఆ ఆరు ఆయన సొంత సైటు కాదు. శుక్లం లెన్సు నడిమధ్య ముదిరితే మైనస్ పెరుగుతూ పోతుంది. మైనస్ లేనివాళ్ళలో ఇది ఇంకో వేషంలో వస్తుంది. అరవై దాటిన మనిషి ఉన్నట్టుండి అద్దాల్లేకుండా పేపరు చదవడం మొదలుపెట్టి "నా చూపు మళ్ళీ వచ్చింది" అని వీధంతా చెప్పుకుంటాడు. వచ్చింది చూపు కాదు, పొర. కాబట్టి టార్గెట్ మాట్లాడేటప్పుడు లెక్కలోకి రావలసింది ఇప్పటి ఆరు కాదు, అయిదారేళ్ళ క్రితం నాటి పవరు. టేపు కొలత కూడా ఇప్పటి ముక్కు దగ్గరి దూరం కాదు, అంతకుముందు ఆయన రాయి పట్టుకునే దూరం.

ఇక ట్రైఫోకల్ ఎందుకు వద్దన్నానో చెబుతాను, ఎందుకంటే మీ అన్నయ్యని ఒప్పించాలి. అది చెడ్డ లెన్సు కాదు. దూరం, 60 సెంటీమీటర్ల చుట్టుపక్కల మధ్య దూరం, 40 సెంటీమీటర్ల చుట్టుపక్కల దగ్గర, మూడూ చూపిస్తుంది. కానీ ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తుంది? లోపలికి వచ్చిన వెలుతురునే మూడు వాటాలు వేస్తుంది. లెన్సు మీద సన్నటి వలయాలుంటాయి, వాటి పని అదే. వాటా పడ్డాక ఒక్కో దూరానికి అందే వెలుతురు తగ్గుతుంది, నలుపు తెలుపుల తేడా కాస్త పలచబడుతుంది, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. రెటీనా, అంటే కంటి వెనక తెర, ఆరోగ్యంగా ఉండి, కార్నియా, అంటే కంటి ముందున్న గాజులాంటి భాగం, నునుపుగా ఉండి, రాత్రి బండి నడపని మనిషికి ఇవి పెద్ద ఇబ్బంది కావు. కొన్ని నెలల్లో మెదడు కూడా చాలావరకు వాటిని పక్కన పెట్టేస్తుంది. అద్దాలు అసలే వద్దనుకునేవాళ్ళు ఈ లెన్సుతో హాయిగా ఉండడం నేను ఎంతోమందిలో చూశాను.

నాన్నగారికి 12 ఏళ్ళ షుగరు. ఈరోజు రెటీనా బాగానే ఉందనుకుందాం, పదేళ్ళ తర్వాత రెటీనా నడిమి భాగమైన మాక్యులా వాచితే, లేజరో ఇంజెక్షనో అవసరమైతే? రెటీనాయే నీరసించినప్పుడు దానికి వాటా వేసిన వెలుతురు అందించడం, ఆకలితో ఉన్నవాడి ముద్దలో సగం తీసుకున్నట్టు. పైగా ఆయన చేసేది మెరిసే లోహం మీద మెరిసే రాళ్ళ పని, 28 సెంటీమీటర్లలో. ట్రైఫోకల్ దగ్గర చూపు 40 దగ్గర ఉంటుంది. అంటే డబ్బూ పోయి, అద్దాలూ తప్పవు.

రాత్రి వలయాల సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. విజయవాడ నుంచి హైదరాబాదుకి రాత్రిళ్ళు ట్రావెల్స్ బండి నడిపే ఒకాయనకి ఇలాంటి లెన్సే వేశారు. చార్టు మీద 6/6, చిన్నచ్చు అక్షరాలు గడగడా చదివేశాడు. కాగితం ప్రకారం నూటికి నూరు మార్కులు. ఆయన మాత్రం "ఎదురుగా హైబీమ్‌తో లారీ వస్తే ఒక్క దీపం పది దీపాలవుతోంది సార్, రోడ్డు అంచు కనపడట్లేదు" అని పగటి డ్యూటీకి మారిపోయాడు. ఆ లెన్సు తీసి వేరేది పెట్టొచ్చు, కానీ కంట్లో లెన్సుని పెట్టే సన్నటి సంచి ఒకసారి లెన్సుని పట్టుకుని అతుక్కుపోయాక అది రెండో పెద్ద ఆపరేషనే.

మధ్యలో ఇంకో రెండు రకాలున్నాయి. ఈడాఫ్ అని ఒకటి, ఎన్‌హాన్స్‌డ్ మోనోఫోకల్ అని ఇంకొకటి. దూరంతో పాటు చెయ్యి చాచినంత దూరం, అంటే ఫోను, వంటగట్టు, కంప్యూటరు కూడా కొంత చూపిస్తాయి. వలయాల బెడద ట్రైఫోకల్ కంటే తక్కువ. మామూలు ఉద్యోగస్తులకి బాగుంటాయి, మీ నాన్నగారి పనికి ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు.

అయితే 22 వేలదా, 38 వేలదా? ఇక్కడ దేశీ, ఇంపోర్టెడ్ అన్న మాటలు చూడకండి. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1992లో ఆరోల్యాబ్ పెట్టి చవకగా లెన్సులు చేయడం మొదలుపెట్టారు, ఆ లెన్సులు ఎన్నో దేశాల్లో లక్షల కళ్ళలో ఉన్నాయి. అడగాల్సింది లెన్సు దేంతో చేశారని. హైడ్రోఫోబిక్, అంటే నీటిని పీల్చుకోని, అక్రిలిక్ అయితే మంచిది. నీటిని పీల్చుకునే హైడ్రోఫిలిక్ లెన్సు కొన్ని కళ్ళలో, ముఖ్యంగా తర్వాత రెటీనాకి ఆపరేషన్ చేసి లోపల గ్యాసు నింపాల్సి వచ్చినప్పుడు, కాల్షియం పేరుకుని తెల్లబడే ప్రమాదముంది. షుగరున్న మనిషికి అలాంటి ఆపరేషన్ ఎప్పుడైనా రావచ్చు కదా. సిలికాన్ లెన్సు కూడా వద్దు, రెటీనా ఆపరేషన్‌లో వాడే సిలికాన్ ఆయిల్ దానికి అతుక్కుంటుంది. తర్వాత, అంచు చతురస్రంగా ఉందా అని అడగండి. అలా ఉంటే లెన్సు వెనక సంచి మసకబారడం తగ్గుతుంది. "ఆపరేషన్ చేయించుకున్న రెండేళ్ళకి పొర మళ్ళీ వచ్చింది" అని ఊళ్ళో అంటారే, అది పొర కాదు, ఆ సంచి మసకబారడమే. యాగ్ లేజర్‌తో కొన్ని నిమిషాల్లో దాన్ని తెరుస్తారు. ఆ 22 వేల లెన్సు హైడ్రోఫోబిక్, చతురస్రపు అంచు, ఆస్ఫెరిక్ (బింబం మరింత స్పష్టంగా ఉండేలా వంపు సవరించినది) అయితే నాకు అదే చాలు. మిగిలిన 16 వేలు పరీక్షలకి పెట్టమంటాను.

ఏ పరీక్షలు? మొదటిది మాక్యులాకి ఓసీటీ, అంటే రెటీనా పొరల్ని కాంతితో చూపించే స్కాను. షుగరున్న మనిషికి అది తీయకుండా లెన్సు మాట మాట్లాడడమే తప్పు. రెండోది కొలత. దీని గురించి నేను కాస్త ఎక్కువ మాట్లాడితే క్షమించాలి, నా అన్నం అదే.

కంట్లో లెన్సు పెట్టిన మొదటి మనిషి లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ, 1949లో. యుద్ధంలో విమానం అద్దం పగిలి పైలట్ల కళ్ళలో దిగిన ప్లాస్టిక్ ముక్కలు కన్నుని పాడుచేయకుండా అలాగే ఉండిపోవడం చూసి, ఆ రకం ప్లాస్టిక్‌తోనే లెన్సు చేయించాడు. కన్ను లెన్సుని భరించింది, పవరు లెక్క మాత్రం ఘోరంగా తప్పింది. మొదటి పేషెంట్లకి పెద్ద మైనస్ మిగిలింది. లెన్సు తయారీ నేర్చుకున్నంత తేలిగ్గా లెక్క నేర్చుకోలేకపోయాం, ఇప్పటికీ లెన్సు కంటే లెక్కే ఫలితాన్ని ఎక్కువ నిర్ణయిస్తుంది.

లెక్కకి ముఖ్యంగా కావలసినవి రెండు. కన్ను ముందు నుంచి వెనక్కి ఎంత పొడుగు, నల్లగుడ్డు మీది కార్నియా ఎంత వంపు. పొడుగు మామూలుగా 23, 24 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మైనస్ వాళ్ళకి ఎక్కువ. ఆ పొడుగులో ఒక్క మిల్లీమీటరు తప్పితే ఫలితంలో రెండున్నర పవరు దాకా తప్పుతుంది. శబ్ద తరంగాలతో కొలిచే పాత పద్ధతి ఏ-స్కాన్‌లో మత్తుచుక్కలు వేసి, పెన్నులాంటి ప్రోబుని కంటికి ఆనించి చదవాలి. నా చెయ్యి కాస్త బరువు పడితే కార్నియా లోపలికి నొక్కుకుని కన్ను పొట్టిదని చూపిస్తుంది, లెన్సు పవరు ఎక్కువ వస్తుంది, మనిషికి అనుకోని మైనస్ మిగులుతుంది. అందుకే ఒక్కో కంటికి ఎన్నోసార్లు తీసి, అంకెలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటేనే నమ్మేవాణ్ణి. రెండు కళ్ళ పొడుగులో 0.3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే మళ్ళీ మొదలు. ఇప్పుడు కంటికి తగలకుండా కాంతితో కొలిచే ఆప్టికల్ బయోమీటర్లు వచ్చాయి, అవి చాలా మేలు. శుక్లం బాగా ముదిరిపోతే ఆ కాంతి లోపలికి దిగదు, మళ్ళీ ఏ-స్కానే గతి. "ఇంకా ముదరనీ" అని ఆగకూడదనడానికి ఇదొక కారణం. మీరు వెళ్ళే చోట ఆప్టికల్ బయోమెట్రీ ఉందా, ఏ ఫార్ములా వాడుతున్నారు అని అడగండి. పొడుగాటి మైనస్ కంటికి బ్యారెట్ లాంటి కొత్త ఫార్ములాలు పాతవాటికంటే దగ్గరగా వస్తాయి. ఇంత చేసినా లెన్సులు అర పవరు మెట్లలోనే దొరుకుతాయి, కన్ను మానేటప్పుడు లెన్సు కొంచెం ముందుకో వెనక్కో స్థిరపడుతుంది. అర పవరు అటూ ఇటూ అయితే అది తప్పు కాదు, ముందే అనుకుని ఉండండి.

సిలిండర్ పవరు (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వచ్చేది) ఉంది, దాన్ని సరిచేసే టోరిక్ లెన్సు కావాలా అని అడిగారు. అద్దాల చీటీలో సిలిండర్ చూసి నిర్ణయించకూడదు. అందులో కొంత శుక్లం వల్ల వచ్చినది, లెన్సుతో పాటు పోతుంది. కార్నియా కొలతలో రెండు వంపుల తేడా దాదాపు ఒక పవరుకి మించితే టోరిక్ ఆలోచించాలి. అది కంట్లో గురిపెట్టిన కోణంలోనే ఉండాలి, ఒక్కో డిగ్రీ తిరిగితే సుమారు మూడు శాతం ప్రయోజనం పోతుంది. నాన్నగారికి చీటీలో ఉన్నదే 0.75, బహుశా అవసరం పడదు.

కొన్ని చిన్న విషయాలు. "లేజర్ ఆపరేషన్" అని మీరు రాసింది మామూలు ఫేకోనే అనుకుంటున్నాను. అందులో లేజర్ ఉండదు, శబ్ద తరంగాలతో శుక్లాన్ని పగలగొట్టి పీల్చేస్తారు. ప్రోస్టేట్‌కి టామ్సులోసిన్ మాత్ర వాడుతున్నా, ఎప్పుడో వాడి మానేసినా ఆ సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పాలి, ఆపరేషన్‌లో కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్ వదులై ఇబ్బంది పెడుతుంది. సొంతంగా మాత్ర మాత్రం ఆపొద్దు. ఇన్సూరెన్సు ఉంటే శుక్లానికి వెయిటింగ్ పీరియడ్, కంటికి ఇంత అని పరిమితి ఉన్నాయేమో పాలసీలో చూడండి.

ఇప్పుడు మీ ఇంట్లో మాట్లాడుకోవలసింది. నేనైతే హైడ్రోఫోబిక్ మోనోఫోకల్, టార్గెట్ మైనస్ మూడు నుంచి మూడున్నర మధ్య, మీ టేపు కొలతని బట్టి. బల్ల దగ్గర ఎప్పటిలాగే అద్దాలు తీసి పని, వీధిలోకి ఎప్పటిలాగే అద్దాలు, అదీ ఆరు కాదు, మూడో మూడున్నరో. ఇంకో లాభం: కుడికన్ను ఒక్కటే సున్నాకి పెడితే, ఎడమకన్ను మైనస్ ఆరుతో మిగిలి రెండు కళ్ళ మధ్య తేడా భరించలేక రెండో ఆపరేషన్ దాకా తల తిరుగుడు. మూడుకి పెడితే ఆ తేడా సగమవుతుంది. మొదటి కన్ను మానాక లెక్క ఎంత తప్పిందో చూసి రెండో కంటికి సర్దుకోవచ్చు కూడా.

కానీ పని మానేసి టీవీ చూస్తూ మనవలతో తిరగాలని నాన్నగారి మనసులో ఉంటే నా లెక్కంతా మారిపోతుంది, అప్పుడు దూరానికే పెట్టమంటాను. ఆ మాట మీరూ మీ అన్నయ్యా కాదు, ఆయన చెప్పాలి.

కొలతలకి వెళ్ళే రోజు పాత చీటీ దొరక్కపోతే కంగారుపడకండి. శుక్లం రాకముందు పెట్టుకున్న పాత అద్దాలు ఏ బీరువా సొరుగులోనో పనిముట్ల డబ్బాలోనో ఉండి ఉంటాయి. ఒక అద్దం పగిలి ఉన్నా ఫరవాలేదు, పట్టుకెళ్ళండి. లెన్సోమీటర్‌లో పెడితే పవరు నిమిషంలో తెలిసిపోతుంది.